ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది, రిపోర్టు రాలేదు: ఈ మధ్య రోజుల్లో నాన్నగారిని ఎలా చూసుకోవాలి?

మీ నాన్నగారికి క్యాన్సర్ వల్ల విశాఖలో ప్రోస్టేట్ గ్రంథి తీసేశారనీ, యూరిన్ గొట్టంతో నరసన్నపేట తీసుకొచ్చేశారనీ, బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదనీ, ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదనీ రాశారు. మాది విజయనగరం. బడిపంతులుగా రిటైరయ్యాక నాకూ ఇదే ఆపరేషన్ అయింది. నేను డాక్టరును కాను, ఆ యూరిన్ సంచి మోసినవాడిగా చెబుతున్నాను.

రిపోర్టు ఆలస్యమైతే "మన దగ్గర ఏదో దాస్తున్నారు" అని ఇంటిల్లిపాదికీ అనుమానం పుడుతుంది. ల్యాబులో జరిగే పని తెలిస్తే అది కొంత తగ్గుతుంది. తీసిన గ్రంథిని ఫార్మాలిన్‌లో ఉంచి, పైభాగమంతా సిరా పూసి, ముక్కలు చేసి, మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. సందేహం ఉంటే మరికొన్ని పరీక్షలు చేస్తారు. దీనికి వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆలస్యాన్ని బట్టి జబ్బును అంచనా వేయకండి.

ఆ సిరా ఎందుకంటే, క్యాన్సర్ కణాలు దాన్ని తాకితే మార్జిన్ (కోసిన అంచు) పాజిటివ్ అని రాస్తారు, తాకకపోతే నెగటివ్. పాజిటివ్ అన్నంత మాత్రాన లోపల జబ్బు తప్పకుండా మిగిలిందని కాదు. చాలామందికి వెంటనే రేడియేషన్ మొదలుపెట్టరు, పిఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్) గమనిస్తూ ఉంటారు. గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే అంకె) కూడా ముందు సూది బయాప్సీలో వచ్చినట్టే ఉండాలని లేదు, మొత్తం గ్రంథి చూశాక పెరగవచ్చు, తగ్గవచ్చు. నన్నడిగితే ఈ కాగితం కన్నా ఆరు నుంచి ఎనిమిది వారాలకు చేసే పిఎస్‌ఏ రక్తపరీక్షే ముఖ్యం. పాత పిఎస్‌ఏ రక్తంలోంచి పోవడానికి కొన్ని వారాలు కావాలి కాబట్టి అంతవరకు ఆగుతారు. అప్పుడు 0.1 కన్నా తక్కువ ఉండాలని చూస్తారు. మీరు తొందరపడి ముందే చేయిస్తే వచ్చే అంకె అనవసరంగా భయపెడుతుంది.

ఇక సంచి. అది ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, గొట్టం మడత పడకూడదు. మా ఆవిడ పాత దిండు గలీబుతో చేతిసంచి కుట్టింది. యూరిన్ బ్యాగు అందులో పెట్టుకుని, లుంగీ మీదే సాయంత్రం అయ్యకోనేరు గట్టున నడిచేవాడిని. "ఏం మాస్టారూ, రైతుబజారుకా?" అని అడిగినవారికి అవునని చెప్పేవాడిని. మీ నాన్నగారిని కూడా రోజూ కాస్త నడిపించండి, మంచం మీదే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. విరేచనానికి ముక్కకూడదు. ముక్కితే గొట్టంలో కాస్త ఎరుపు కనబడుతుంది, అది మామూలే. నీళ్లు బాగా తాగించండి, మలబద్ధకానికి డాక్టరు రాసిన మందు మానకండి. ఎనిమా మాత్రం వద్దు.

గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, సంచిలోకి మూత్రం రావడం ఆగినా, చలిజ్వరం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. గొట్టం జారిపోతే ఊళ్లో ఆర్ఎంపీతో మళ్లీ పెట్టించవద్దు. లోపల మూత్రాశయాన్ని మూత్రనాళంతో కలిపి కుట్టిన కుట్లుంటాయి. ఆపరేషన్ చేసినవారే చూడాలి.

ఆయన మౌనం గురించి. పరామర్శకు వచ్చేవాళ్లు కొబ్బరిబొండాలతో పాటు తమకు తెలిసిన క్యాన్సర్ మరణాలన్నీ తెస్తారు. వాళ్లను గుమ్మంలోనే మర్యాదగా పంపించండి. అసలు బెంగ మరొకటి ఉంటుంది. మూత్రం ఆగుతుందా, దాంపత్యం మునుపటిలా ఉంటుందా అని. కొడుకుతో ఆయన అనలేరు, మీరూ అడగలేరు. డాక్టరు దగ్గర మీ అమ్మగారిని, ఆయన్ని ఉంచి మీరు కాసేపు బయటికి రండి. మూత్రం కారడం చాలామందికి నెలల్లో తగ్గుతూ వస్తుంది, ఏడాది వరకూ మెరుగుపడుతుంది. రెండోదానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. నరాలను ఎంతవరకు కాపాడగలిగారన్న దాన్ని బట్టి ఉంటుంది. దానికి మందులున్నాయి, అడగడానికి సిగ్గు అక్కర్లేదు. కటి కండరాలు బిగించే కెగెల్ వ్యాయామం గొట్టం తీశాకే మొదలుపెట్టాలి.

గొట్టం తీయించడానికి విశాఖ వెళ్లే రోజున పెద్దవాళ్ల డైపర్లు, ఒక అదనపు పంచె, సీటు మీద వేయడానికి రబ్బరు షీటు తీసుకెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు తగరపువలసలో ఒకసారి, రణస్థలంలో ఒకసారి కారు ఆపండి. ఆయన అడగరు, మీరే ఆపాలి.