వరమా, శాపమా అని మాత్రం అడక్కు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. వాక్యంలో చురుకుంది, చదివించే గుణం ఉంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: 'కృత్రిమ మేధ వరమా, శాపమా' అన్న మొదటిదాన్ని పక్కన పడెయ్. మా బడి రోజుల్లో వక్తృత్వ పోటీలకు 'విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా' అని ఇచ్చేవాళ్లు. కాసేపు ఆ వైపు, కాసేపు ఈ వైపు దంచి, 'అంతా వాడేవాడి చేతిలోనే ఉంది' అని ముగిస్తే చప్పట్లు. నువ్వూ తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగావు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇదే వ్యాసాన్ని ఎంతమంది రాశారో, ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

కృత్రిమ మేధకు (ఏఐకి) పునాది వేసినవాళ్లలో ఒకడైన జెఫ్రీ హింటన్ ఇప్పుడు దాన్ని చూసి భయపడుతున్నాడని ఒక పేరా నిండా రాశావు. 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న మనిషి, తన భయమేదో తనే చెప్పుకోగలడు. ఆయన చెప్పలేనిది, నువ్వు చెప్పగలిగింది ఒకటుంది. నువ్వు హైదరాబాద్‌లో ఉంటున్నావు. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ ఊళ్లో టెక్నాలజీ అంటే పేపర్లో వార్త ఒక్కటే కాదు, ఇంటి అద్దె కూడా. అక్కడి నుంచి రాయి.

2025 ఏప్రిల్ మొదటి వారాన్ని ఒకసారి గుర్తు చేసుకో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు. ఐటీ పార్కుల కోసమని ప్రభుత్వం బుల్డోజర్లు దింపింది. సరిగ్గా అప్పుడే జీబ్లీ బొమ్మల మోజు, అంటే జపాన్ స్టూడియో జీబ్లీ కార్టూన్ల తీరులో ఏఐతో బొమ్మలు చేయించుకునే మోజు, నడుస్తోంది. బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లు దిగులుగా నిలబడ్డ బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. అవి ఏఐతో చేసినవని ప్రభుత్వం అంది. పంచుకున్నవాళ్లకు పోలీసు నోటీసులు వెళ్లాయి, అందులో ఒక ఐఏఎస్ అధికారి కూడా ఉన్నారు. ఇక వ్యాఖ్యాతలు రెండు జట్లయ్యారు. బొమ్మలు దొంగవి కాబట్టి గొడవంతా దొంగదేనని ఒక జట్టు. బొమ్మ దొంగదైతే ఏం, బాధ నిజమే కదా అని ఇంకో జట్టు.

రెండూ బద్ధకపు మాటలే. ఆ వారం చదవాల్సిన కాగితం ఒకటుంది, అది చదివినవాళ్లు తక్కువ. సుప్రీంకోర్టు ఆదేశం మీద తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ ఆ స్థలానికి వెళ్లి చూసి నివేదిక ఇచ్చారు. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని ఆ నివేదికలో ఉంది. ఏప్రిల్ 3న కోర్టు పనులు ఆపించింది. అంటే కొన్ని బొమ్మలు కల్పితమే, జింకలు మాత్రం నిజమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాసి ఉంటే రెండు జట్లూ నిన్ను తిట్టేవి. తిట్టనీ. బొమ్మ దొంగదని తేలాక కూడా అసలు విషయం దగ్గరికి వెళ్లి చూసేవాడు కావాలి. దొంగబొమ్మ చేసే అసలు నష్టం అదే కదా: ఎదుటివాళ్లకు చేతికి కర్ర అందిస్తుంది, నిజం చెప్పేవాళ్లనూ దాంతోనే కొడతారు.

నీ రెండో వ్యాసంలో 'భవిష్యత్తులో అల్గారిదమ్‌లు మనుషుల బతుకులను నిర్ణయిస్తాయి' అని ఉంది. భవిష్యత్తు దాకా ఎందుకయ్యా! మన రాష్ట్రంలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. రకరకాల శాఖల రికార్డులు తీసుకుని, పేరూ అడ్రసూ పోల్చి, ఈ కాగితంలో ఉన్న మనిషి, ఆ కాగితంలో ఉన్న మనిషి ఒక్కరేనా అని చూస్తుంది. కారుందా, ఆస్తి ఉందా అని తేల్చి, రేషన్ కార్డుకు అర్హులు కారన్నవాళ్లను ఏరుతుంది. వినడానికి బాగానే ఉంది. మన ఊళ్లో ఒకే పేరుతో ఎంతమంది ఉంటారో, ఆ పేరును ఒక్కో ఆఫీసులో ఒక్కో స్పెల్లింగ్‌తో ఎలా ఎక్కిస్తారో నీకు నేను చెప్పాలా? ఈ నగరంలోనే ఒక పెద్దావిడకు రేషన్ బియ్యం దక్కలేదు. భర్త రిక్షా తొక్కేవాడు, పోయాడు. రికార్డులో మాత్రం ఆయన కారు ఓనరు. దగ్గరి పేరున్న ఇంకెవరి కారో ఆయన ఖాతాలో పడింది. విలేకరులు వెలికితీసి 2024లో బయటపెట్టారు. అంతకుముందే, 2022లో, రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ తనిఖీ చేయమని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇలాంటిది రాసేటప్పుడు 'ఏఐ క్రూరమైంది' అనకు. దానికి జాలీ లేదు, పగా లేదు. ఆ పేరుకూ ఆ కారుకూ ముడిపెట్టి అదే నిజమని ఎవరు ఖాయం చేశారు, నోటీసు ఇచ్చారా, తప్పు సరిచేయమని ఏ కౌంటర్ దగ్గరికి వెళ్లాలి, అక్కడున్న గుమాస్తాకు స్క్రీన్ మీది మాట మార్చే అధికారం ఉందా, ఇవి అడుగు. కారు తనది కాదని నిరూపించే భారం ఆ పెద్దావిడ నెత్తిన పడటం దగ్గరే నీ వ్యాసం ఉంది. నువ్వేమో మూడో పేరాకే కాలిఫోర్నియా వెళ్లిపోయావు.

ఇక నువ్వడిగిన ప్రశ్న: రాయడానికి ఏఐ వాడొచ్చా? వెతుక్కోవడానికి వాడుకో, నాకేం పట్టింపు లేదు. కానీ అది చెప్పిన పేరు, తేదీ, తీర్పు, ఏదైనా అసలు కాగితంలో కళ్లారా చూసేదాకా రాయకు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులను కోర్టుకు ఇచ్చి 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారు. తెలుగులో ఇంకో తిరకాసు. కంప్యూటర్లో అక్షరాలు దాచే చోటును బైట్లలో కొలుస్తారు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ సరిపోతే, మన 'అమ్మ' అన్న చిన్న మాటకు 12 కావాలి. ఎక్కువగా ఇంగ్లిష్ రాతల మీద పెరిగిన ఏఐ మోడల్ మన మాటలను ముక్కలు ముక్కలుగా చూస్తుంది. కొత్తవాటిలో ఈ బాధ తగ్గింది గానీ, వాటి తెలుగు మాత్రం ఇంకా ప్రభుత్వ ప్రకటనలాగే ఉంది. నీ మూడో వ్యాసంలో 'ఇది కేవలం సాంకేతికత మాత్రమే కాదు, ఒక విప్లవం' అన్న వాక్యం నువ్వు రాసింది కాదని నాకు తెలుసు. నీకూ తెలుసు.

కంపెనీల ప్రకటనల గురించి ఒక్క మాట. ఫలానా సంస్థ హైదరాబాద్‌లో ఇన్ని వేల ఉద్యోగాలు ఇస్తుందని వార్త వస్తే తేదీ వేసి దాచుకో. ఏడాదికి తీసి చూడు. అప్పుడు రాయి. అంతకుముందు రాస్తే అది వాళ్ల కరపత్రమే, కింద నీ సంతకం.

తిట్లకు టెన్షన్ పడకు. రాత్రి పదకొండు దాటాక ఎవరికీ జవాబు ఇవ్వకు.

ఇప్పుడు పని. ఒకటో తారీఖు దాటాక, మీ బస్తీ రేషన్ షాపు దగ్గర ఓ పూట నిలబడు. మిషన్ మీద ఎవరి వేలిముద్ర పడటం లేదో చూడు. సాధారణంగా కూలిపని చేసి అరిగిన చేతులు, ముసలి చేతులు. అప్పుడు డీలర్ ఏం చేస్తాడో, వాళ్లు బియ్యం తీసుకుని వెళ్తారో, రేపు రమ్మంటే తిరిగి వెళ్తారో రాసుకో. ఎవరి పేరూ వేయకు, ఫొటో తీయకు. రెండు పేజీలు మించకుండా పంపు. ఈసారి ఎర్ర పెన్నుతోనే దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ అన్న