రంగు పంచెకు అంటుతుంటే పాలిష్‌కు తొందరపడవద్దు

ప్రశ్న: మా తాతగారి నాటి టేకు ఉయ్యాల బల్లను ఉప్పు కాగితంతో రుద్ది పాత పాలిష్ అంతా తీసేసి, మొన్న కార్తీక మాసం ముసురులోనే వాల్‌నట్ రంగు నూనె స్టెయిన్ పట్టించాము. మరునాడు దానిమీద కూర్చున్న మామగారి పంచెకు మరకలయ్యాయి. పైపూత లేకపోవడం వల్లనేమోనని వార్నిష్ మొదలుపెడితే, బ్రష్‌కే రంగు ఊడివచ్చి బల్లమీద చారలు తేలాయి. లోపం స్టెయిన్‌లో ఉందా, వార్నిష్‌లో ఉందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రెండింటిలోనూ లోపం లేకపోవచ్చునండీ. స్టెయిన్ చెక్కకు రంగునిస్తుందే గాని నీటినుంచి, చెమటనుంచి, రాపిడినుంచి కాపాడదు. ఆ పని పైపూతది. మీ మామగారి పంచెకు అంటినది చెక్కలోకి ఇంకకుండా పైనే నిలిచిపోయిన రంగు. స్టెయిన్ పూసిన పది నిమిషాల లోపే మిగులును పొడిబట్టతో తుడిచివేయాలి. టేకు సహజంగానే జిడ్డుగల కలప కనుక దానిమీద నూనె స్టెయిన్ నిదానంగా ఆరుతుంది. అందులోనూ మన చిత్తూరు, తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది కాబట్టి, డబ్బామీద 24 గంటలని రాసి ఉన్నా మూడు రోజులు ఆగడం మేలు. గడియారంకన్నా గుడ్డను నమ్మండి: తెల్లటి పాత గుడ్డను బొటనవేలికి చుట్టి, బల్ల అంచున పదిసార్లు గట్టిగా రుద్దితే గుడ్డ తెల్లగానే ఉండాలి.

ఇక చారల సంగతి. నూనె స్టెయిన్‌ను పలచన చేసేది టర్పెంటైన్. మామూలు వార్నిష్‌లో ఉన్నదీ దాదాపు అదే. అందువల్ల సరిగా ఆరని స్టెయిన్‌మీద వార్నిష్ పూస్తే అది రంగును మళ్ళీ కరిగించి బ్రష్ వెంట లాగుతుంది. దీనికి పాతకాలపు విరుగుడు చపడా, అంటే లక్కతో చేసే పాలిష్. చపడా కరిగేది స్పిరిట్‌లో గనుక కింది నూనె రంగు జోలికి పోదు. లీటరు స్పిరిట్‌కు సుమారు 120 గ్రాముల చపడా రేకులు వేసి రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో వడగట్టి, కదపకుండా ఉంచితే మైనం అడుగుకు చేరుతుంది. పైన తేరిన ద్రవాన్ని మాత్రమే వాడండి, ఎందుకంటే మైనం కలిసిన చపడామీద పీయూ (పాలీయూరిథేన్ అనే గట్టి పైపూత) సరిగా పట్టదు. పొయ్యి, దీపం దరిదాపుల్లో ఈ పని చేయకూడదు. మీ స్టెయిన్ ఏ జాతిదో తెలియకపోతే బల్ల అడుగున ఒకచోట స్పిరిట్ గుడ్డతో, మరోచోట టర్పెంటైన్ గుడ్డతో తుడిచి చూడండి. రంగును లేపిన ద్రవం ఉన్న పూతను మొదటిదిగా వేయవద్దు.

ఇప్పుడు చారలు పడిన మేర వార్నిష్‌ను పూర్తిగా ఆరనిచ్చి, 180 నంబరు ఉప్పు కాగితంతో చెక్క తేలేదాకా, నార దిక్కుననే రుద్ది, మళ్ళీ స్టెయిన్ వేసి తుడవండి. గుడ్డ పరీక్ష నెగ్గాక పలుచని చపడా ఒక పూత, దానిమీద వార్నిష్ లేదా పీయూ మూడు పూతలు వేస్తే చాలు. పూతల మధ్య 320 నంబరు కాగితంతో చెయ్యి తేల్చి రుద్దాలి. అంచులలో మరీ తేలికగా, ఎందుకంటే రంగు మొదట పోయేది అక్కడే. నా మొదటి పీట నాలుగు అంచులూ నేను అలాగే తెల్లబరిచాను. గొలుసులు దూరే రంధ్రాల లోపలి కోత చెక్క నీటిని బాగా పీల్చుతుంది కాబట్టి అక్కడ రెండు పూతలు అదనంగా వేయండి. అడుగు భాగాన్ని వదిలేస్తే తేమ ఒకవైపే ఎక్కి బల్ల వంగవచ్చు.

డబ్బాను ఊపితే బుడగలు లేస్తాయి, కర్రతో నిదానంగా కలపండి. మబ్బు పట్టిన రోజున లాకర్ (థిన్నర్ అనే ద్రావకంతో పలచన చేసే, త్వరగా ఆరే పైపూత) వేస్తే, థిన్నర్ త్వరగా ఆవిరై పైభాగం చల్లబడి గాలిలోని తేమ దానిమీద దిగుతుంది, పూత తెల్లగా పాలిపోతుంది. ఎండ కాసే రోజున, నీడలో, పదింటికీ మూడింటికీ మధ్య ఈ పని చేసుకోండి.

ఒక్క హెచ్చరిక: నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను ముద్దగా మూలన పడవేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా ఆరుబయట పరచండి, లేదా నీటిలో ముంచి పారవేయండి.

ప్రశ్న: వేప చెక్కతో చేయించిన కొత్త పూజా మందిరానికి స్టెయిన్ వేశాము. దీపపు వేడికీ నూనెకూ ఏ పాలిష్ నిలుస్తుంది?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇక్కడ చపడా పైపూతగా పనికిరాదు, వేడికి మెత్తబడుతుంది. రెండు భాగాలు కలిపి వేసే పీయూ మంచిది. అయినా మంటకు ఏ పాలిషూ ఆగదు. దీపం, హారతి కర్పూరం కింద ఇత్తడి పళ్ళెం తప్పక ఉండాలి, ఆ పళ్ళెమూ వేడెక్కేదే కాబట్టి దాని కింద చిన్న గ్రానైటు ముక్క వేయించండి. పూత చేతికి అంటకపోయినా లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. అంతవరకు దీపాన్ని విడిగా పీటమీద పెట్టుకోండి.