తారాగుచ్ఛం వయసు మరీ తక్కువగా వస్తోందన్న ప్రశ్నకు సమాధానం

ఆండ్రోమెడా గెలాక్సీలో లోహాలు (హీలియం కన్నా బరువైన మూలకాలు) తక్కువగా ఉన్న మీ గోళాకార తారాగుచ్ఛానికి, దాని వర్ణపటంలోని హెచ్-బీటా అనే హైడ్రోజన్ రేఖను బట్టి 500 కోట్ల ఏళ్ల వయసే ఎందుకు వస్తోందని అడిగారు. కారణం, చాలావరకు, అందులోని నీలి హారిజాంటల్ బ్రాంచ్ నక్షత్రాలే. ఇవి కేంద్రంలో హీలియంను మండించే ముసలి నక్షత్రాలే అయినా బాగా వేడిగా ఉండి బామర్ రేఖలను (హెచ్-బీటా వంటి హైడ్రోజన్ రేఖలను) బలపరుస్తాయి; వయసు కట్టే మీ నమూనాలో అవి లేకపోతే ఆ బలమంతా యవ్వనం ఖాతాలో పడుతుంది.

1. గుచ్ఛం వెనుకనున్న గెలాక్సీ పళ్లెపు వెలుగును సరిగా తీసివేశారో లేదో ముందు చూడండి.

2. వర్ణపటాన్ని, నమూనాను ఒకే విభేదన (దగ్గరి రేఖలను విడదీసి చూపే) స్థాయికి తీసుకురండి.

3. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే: వయసును హెచ్-బీటాతో (తరంగదైర్ఘ్యం 4861 ఆంగ్‌స్ట్రామ్‌లు) ఒకసారి, ఇంకా నీలం వైపునున్న మరో బామర్ రేఖ హెచ్-డెల్టాతో (4102) ఒకసారి విడివిడిగా కట్టండి. వేడి నక్షత్రాల వాటా నీలం వైపు పోయేకొద్దీ పెరుగుతుంది కనుక, హెచ్-డెల్టా ఇచ్చే వయసు ఇంకా తక్కువగా వస్తే దోషం ఆ నక్షత్రాలదేనని అనుమానించాలి. రెండూ ఒకే వయసు చెబితేనే గుచ్ఛం నిజంగా చిన్నదేమోనని ఆలోచించండి.

4. ఇదే లెక్కను మన పాలపుంతలోని ఎన్‌జీసీ 6388, ఎన్‌జీసీ 6441 గుచ్ఛాల మొత్తం వెలుగు వర్ణపటాలపై నడిపి చూడండి. లోహాలు ఎక్కువగా ఉన్నా వాటిలో నీలి హారిజాంటల్ బ్రాంచ్ నక్షత్రాలున్నాయని హబుల్ చిత్రాల్లో తేలింది. కాబట్టి లోహ శాతాన్ని మాత్రమే చూసి ఈ పరీక్షను మానేయడం సరికాదు.