దుంపను కూర లెక్కలో కాదు, అన్నం లెక్కలో వేయండి

ప్రశ్న: మాది రాజమండ్రి. మా వారికి 52 ఏళ్ళు, ఆటో నడుపుతారు. నాలుగేళ్ళుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ళ పొద్దున, రాత్రి వేసుకుంటారు. మొన్న మూడు నెలల సగటు పరీక్షలో 7.9 వచ్చింది. ఇంట్లో ఐదుగురం. వారానికి కూరగాయలకు 500 రూపాయలు దాటనివ్వలేను. బెండ, వంకాయ మూడో రోజుకే వాడిపోతాయని బంగాళాదుంపలు బస్తాల్లో తెచ్చి, వాటితో పాటు చేమ, కంద, చిలగడదుంప కొంటుంటాను. షుగరు వాళ్ళకి దుంప విషమని పక్కింటావిడ భయపెడుతోంది. మా అత్తగారికి 72, క్రియాటినిన్ 1.8. ఆవిడ వాతమని దుంపలు ముట్టరు. బంగాళాదుంపలు పది రోజులకే మొలకలేస్తున్నాయి, కొన్ని పచ్చబడుతున్నాయి. చెక్కు తీసి వండొచ్చా? ఫ్రిజ్‌లో పెట్టాలా? కంద చవకే గానీ దురద. ఏం చేయమంటారు?

సలహా: విషం కాదమ్మా. అయితే మీ ఉత్తరం చదివాక నాకు అనుమానం దుంప మీద రాలేదు, మీ వారి కంచం మీద వచ్చింది. మధ్యాహ్నం ఆటో ఆపి ఇంటికొచ్చిన మనిషికి కంచం నిండా అన్నం, పక్కన బంగాళాదుంప వేపుడు, మీద చారు, ఆఖర్న పెరుగన్నం. మన ఇళ్ళలో మామూలు భోజనమే. పైకి కూరతో తిన్నట్టే ఉంటుంది. షుగరు లెక్కలో మాత్రం అన్నంలో అన్నం కలుపుకుని తిన్నట్టు.

100 గ్రాముల వండిన అన్నంలో పిండిపదార్థం దాదాపు 28 గ్రాములు. అంతే బంగాళాదుంపలో 17, చిలగడదుంపలో 20, చేమదుంపలో 26 గ్రాముల దాకా ఉంటుంది. కందా చేమకు దగ్గర్లోనే. కర్రపెండలం వీటన్నిటినీ మించి 38. అదే ముల్లంగిలో మూడున్నర గ్రాములే. క్యారెట్, బీట్‌రూట్ 10 దగ్గర ఆగుతాయి. అంటే భూమిలో ఊరినవన్నీ ఒక్కటి కాదు. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌లను కూరగాయలుగానే చూడండి. మిగతావి అన్నానికి చుట్టాలు. రోజుకు 400 గ్రాముల పళ్ళు, కూరగాయలు తినమని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం లాంటివి ఆ 400లోకి రావని విడిగా చెబుతుంది.

కాబట్టి మానేయక్కర్లేదు, మార్చుకోండి. మీ వారు పిడికిలంత బంగాళాదుంప, అంటే 150 గ్రాములు, తిన్న పూట ఒక చిన్న కప్పు అన్నం తగ్గాలి. చేమ, కంద అయితే అదే కొలతకు ఇంకాస్త ఎక్కువ తగ్గాలి. ఆ ఖాళీలో తోటకూర పప్పో, ముల్లంగి సాంబారో పడాలి. కంద బచ్చలి కూర మీ గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పాలా? దుంపకు సగానికి సగం ఆకు పడే కూర అది. షుగరు ఉన్న ఇంట్లో దుంప వండే పద్ధతి అదే. వట్టి కంద వేపుడు కంటే బచ్చలి వేసిన కంద నూరుపాళ్ళు నయం.

ఇక్కడ ఒక హెచ్చరిక. నా మాట విని రేపటి నుంచి అన్నం సగం కోసేయకండి. గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళు బిళ్ళ వేసుకుని తిండి బాగా తగ్గిస్తే షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు బైర్లు కమ్మడం. ఇంట్లో కూర్చున్న మనిషైతే వెంటనే తీపి తిని సర్దుకోవచ్చు, ఆటో హ్యాండిల్ పట్టుకున్న మనిషికి అలా కాదు. నేను చెప్పినంత మార్పుకు పర్వాలేదు. అంతకు మించి తగ్గించదలిస్తే ముందు మందు రాసిన డాక్టరుకు చెప్పి మోతాదు చూపించుకోండి. ఈలోగా ఆటోలో ఒక చిన్న పొట్లంలో పంచదార ఉంచండి. అలాంటప్పుడు బండి పక్కకు ఆపి మూడు చెంచాలు నోట్లో వేసుకుని, పావుగంట ఆగి షుగరు చూసుకోవాలి. షుగరు ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ అంతే వేసుకోవాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. అప్పుడే బండి కదపాలి.

ఇక కొనడం. బస్తా బేరం మీకు నష్టం. కిలో 25 రూపాయల చొప్పున పది కిలోలు తెచ్చారనుకోండి. మూడు కిలోలు మొలకలకీ కుళ్ళుకీ పోతే తిన్న కిలో 35 రూపాయలు దాటింది. ఐదుగురికి రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. కొనేటప్పుడు బొటనవేలితో దుంపను గట్టిగా రుద్దండి. తొక్క పొరలా లేచి వచ్చిందంటే కొత్త దుంప. రుచికి బాగుంటుంది, నిలవకు పనికిరాదు, ఆ వారమే వండేయాలి. తొక్క అంటిపెట్టుకుని ఉన్నదే దాచుకునే దుంప. రైతుబజారులో కడిగి తళతళలాడించిన క్యారెట్ పక్కన మట్టి అంటుకున్నది ఉంటే మట్టిదే తీసుకోండి, ఎక్కువ రోజులు ఆగుతుంది. ముల్లంగి ఆకుతో సహా కొనండి. ఆకు పప్పులోకి, దుంప సాంబారులోకి, ఒక ధరకు రెండు కూరలు. బీట్‌రూట్ ఆకూ అంతే, చాలామంది కొట్టు దగ్గరే తుంచి పారేసి వస్తారు. కోసిన కంద ముక్క కొంటే కోసిన ముఖం పొడిగా ఉండాలి, జిగురుగా నల్లబడి ఉంటే వద్దు.

బంగాళాదుంపలు ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది. రుచి తియ్యబడుతుంది, వేపితే త్వరగా నల్లగా మాడుతుంది. అలా మాడిన వేపుడులో ఆక్రిలమైడ్ అనే పదార్థం ఎక్కువ తయారవుతుంది, ఒంటికి మంచిది కాదు. చిలగడదుంప కూడా ఫ్రిజ్‌లో లోపల గట్టిపడి, ఉడికినా మెత్తబడదు. వెదురు బుట్టలోనో గోనెసంచిలోనో, వెలుతురు పడని, గాలాడే మూల, నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. ప్లాస్టిక్ కవరు ముడేసి ఉంచారో, వాటి చెమటకే కుళ్ళుతాయి. ఉల్లిపాయల బుట్ట వేరే చోట ఉండాలి, రెండూ కలిస్తే రెండూ పాడవుతాయి. దేన్నీ కడిగి దాచకండి. వారానికోసారి బుట్ట తిరగేసి మెత్తబడ్డ దాన్ని తీసేయండి, ఒక్కటి కుళ్ళితే చుట్టూ అంటిస్తుంది. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి మాత్రం ఆకు తుంచేసి పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లోనే పెట్టాలి. గుండు కంద కోయకుండా పొడిచోట ఉంచితే నెలకు పైగా ఆగుతుంది. మా అమ్మమ్మ వంటింటి మూల ఇసకలో పెట్టేది. కోశాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వండేయాలి.

పచ్చబడ్డ దుంప సంగతి. ఆ పచ్చదనం ఆకులో ఉండే పత్రహరితమే, దానికదే హాని కాదు. వెలుతురు తగిలి పచ్చబడిన చోట సొలనిన్ అనే చేదు విషపదార్థం కూడా పెరుగుతుంది. అసలు చిక్కు దాంతోనే. ఉడికించినా వేపినా అది పూర్తిగా పోదు. చూడటం సులువు: అనుమానమున్న చోట గోరుతో తొక్క గీకండి. పచ్చదనం తొక్క వరకే ఉండి, లోపల తెల్లగా ఉంటే అక్కడ కాస్త మందంగా చెక్కేసి వండుకోవచ్చు. లోపలికి దిగినా, సగం దుంప పచ్చబడినా పారేయండి. దుంప గట్టిగా ఉండి చిన్న మొలకలు వస్తే వాటిని కంటితో సహా తవ్వి తీసేస్తే చాలు. వేలెడు మొలకలు వచ్చి దుంప ముడతలు పడి మెత్తబడితే వద్దు. కూర చేదనిపిస్తే, పిల్లల చేత బలవంతంగా తినిపించకండి. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వచ్చేది అలాంటి కూరతోనే.

కంద దురదకు కారణం అందులో సూదుల్లా ఉండే కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలు. అవి చర్మానికీ గొంతుకీ గుచ్చుకుంటాయి. చేతులు తడి లేకుండా తుడుచుకుని, నూనె రాసుకుని, చెక్కు తీసి ముక్కలు కోశాకే నీళ్ళలో వేయండి. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే గొంతు పట్టదు. చేమదుంపల పులుసులోనూ చింతపండు చేసే పని అదే. కొవ్వూరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకం కందకు దురద తక్కువ. మీకు గోదావరి దాటితే కొవ్వూరే కదా, కొట్లో అడిగి చూడండి. అన్నట్టు తెలంగాణలో చాలాచోట్ల చిలగడదుంపనే కందగడ్డ అంటారు. అక్కడి పాఠకులు నేను రాసిన కందను శివరాత్రి నాటి ఉడకబెట్టిన కందగడ్డగా అనుకోవద్దు.

కర్రపెండలం మీరు అడగలేదు గానీ, కొనే ఇళ్ళున్నాయి కాబట్టి చెబుతున్నా. దాన్ని పచ్చిగా ఎప్పుడూ తినకూడదు, అందులో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. తొక్క పూర్తిగా తీసి, ముక్కలు నానబెట్టి, మూత లేకుండా బాగా ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. చేదుగా ఉంటే వద్దు.

బంగాళాదుంపలు తొక్కతో ఉడికించండి, పోషకాలు నీళ్ళలోకి పోవు, గ్యాసూ కలిసొస్తుంది. కుక్కరులో నాలుగైదు ఒకేసారి ఉడికించి చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటి కూరకు పనికొస్తాయి. అలా చల్లారిన దుంపలో పిండి కొంత అరగని రకంగా మారి షుగరు కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. కాస్తే సుమా, అది పట్టుకుని రెండు దుంపలు ఎక్కువ తినొద్దు. ఉడికించినవి రెండు గంటలకు మించి బయట వదలకండి.

బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందని ఇంటింటా నమ్మకం. 100 గ్రాముల్లో ఉన్న ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా లేదు, రంగు చూసి మోసపోతాం. ఒకాయన రాత్రి బీట్‌రూట్ రసం తాగి, పొద్దున ఎర్రటి మూత్రం చూసి కిడ్నీ పోయిందని పరుగున మా క్లినిక్‌కి వచ్చాడు. కొందరికి ఆ రంగు అలాగే దిగుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. బీట్‌రూట్ తినకుండా ఎర్రగా వస్తే మాత్రం పరీక్ష చేయించాలి.

ఇక మీ అత్తగారు. వాతం మాట మీద ఆవిడతో వాదించకండి. దుంపలతో కడుపుబ్బరం కొందరికి నిజమే. పైగా ఆవిడ దూరంగా ఉండటం వేరే కారణానికి మంచిదే కావచ్చు. క్రియాటినిన్ 1.8 అంటే కిడ్నీల వడపోత తగ్గింది. దుంపల్లో పొటాషియం దండిగా ఉంటుంది, 100 గ్రాముల బంగాళాదుంపలో 400 మిల్లీగ్రాములు దాటుతుంది, చేమ, కందల్లో ఇంకా ఎక్కువ. రక్తంలో పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ఎప్పుడైనా ఆవిడ నోటికి కావాలంటే, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళలో ఉడికించి పెట్టండి. ఆ నీటితో చారు కాచకండి. బీపీ కోసమని సోడియం తగ్గించిన ఉప్పు వాడుతుంటే ఆపేయండి, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

మీరు క్రియాటినిన్ ఒక్కటే రాశారు. ఈ వారంలో ఆవిడకు రక్తంలో పొటాషియం పరీక్ష చేయించి, ఆ కాగితం, వేసుకునే బీపీ మందుల చీటీ రెండూ పట్టుకుని కిడ్నీ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మీ వారికి గ్లూకోమీటరు ఉంటే, ఒకరోజు మామూలు అన్నంతో బంగాళాదుంప కూర, ఇంకోరోజు అన్నం తగ్గించి కంద బచ్చలి పెట్టి, రెండు రోజులూ మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు చూడండి. 180 లోపు ఏ రోజు వచ్చిందో రాసి పెట్టుకోండి. మీటరు లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవచ్చు.