తుంటి మార్పిడి: ముందు కోతా, వెనక కోతా? మా ఇంట్లో రెండూ జరిగాయి

"అమ్మకి తుంటి మార్చాలన్నారు. ముందు వైపు నుంచి చేసే చిన్న కోత ఆపరేషనే మేలంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. మా నాన్నకి శ్రీకాకుళంలో వెనక నుంచి చేశారు. విజయనగరంలో ఉండే మేనత్తకి విశాఖలో ముందు నుంచి చేశారు. ఇద్దర్నీ దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను, కోత పొడవు చూసి మాత్రం నిర్ణయం తీసుకోకండి.

నాన్నదీ చిన్న కోతే, జానెడు కూడా లేదు. మర్నాడే వాకర్ పట్టుకుని నడిచారు. పందొమ్మిదో రోజు పొద్దున్న ఎప్పటిలాగే నులక మంచం మీద కూర్చున్నారు. నులక వదులై మధ్యలో దిగిపోయింది. మోకాళ్లు పైకి, తుంటి కిందికి. ఒక చెప్పు మంచం కిందికి పోతే దానికోసం వంగి కాలు లోపలికి తిప్పారు. టక్కుమన్న చప్పుడు పెరట్లో ఉన్న నాకు వినబడింది. "ఒరే బావూ, కాలు ఊడిపోనాదిరా!" అని కేక. వెళ్లి చూస్తే ఆ కాలు పొట్టిగా అయిపోయి, పాదం రెండో కాలి వైపు తిరిగి ఉంది. 108లో వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా మణికట్టు పట్టుకునేవారు, గోళ్లు దిగిపోయాయి. మత్తిచ్చి లాగి, కొత్త కీలు బంతిని మళ్లీ తుంటి గిన్నెలో కూర్చోబెట్టారు.

డిశ్చార్జ్ కాగితంలో 'ఎత్తు తక్కువ కుర్చీ వద్దు' అని ఇంగ్లీషులో ఉంది. మా ఊళ్లో ముసలివాళ్లు కుర్చీల్లో ఎక్కడ కూర్చుంటారు? తెలుగులో ఒక్క కాగితం, అందులో మంచం మాట ఒక్కటి రాయడానికి ఏం కష్టం? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెనక నుంచి చేస్తే తొడని బయటికి తిప్పే చిన్న కండరాలను ఎముక నుంచి విడదీసి, మళ్లీ కుడతారు. అవి అతుక్కునేదాకా 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు. ముందు నుంచి అయితే కండరాల మధ్య సందులోంచి వెళ్తారు. అత్త మొదటి నెల నాన్న కంటే హాయిగా నడిచింది, ఒప్పుకుంటాను. నాలుగో నెలకి మాత్రం ఇద్దరి నడకా ఒకటే. పైగా ఆ తొడ పక్క చర్మం ఆవిడకి ఇంకా మొద్దుబారే ఉంది. "చెయ్యేస్తే నా ఒళ్లు కానట్టుందిరా" అంటుంది. ముందు కోతలో అక్కడి నరానికి దెబ్బ తగలడం మామూలేనట. పొట్ట పెద్దదైతే మడత కింద గాయం మానడం ఆలస్యమవుతుంది. చేయి తిరగని డాక్టరైతే తొడ ఎముక పగలొచ్చు కూడా. రెండు చిన్న కోతల పద్ధతి 2000ల మొదట్లో ఎంతో హడావిడిగా వచ్చి, ఇలాంటి ఇబ్బందులతోనే వెనక్కి పోయింది.

అందుకే డాక్టర్ని 'మీరు రోజూ ఏ దారిలో చేస్తారు, నెలకి ఎన్ని చేస్తారు' అని అడగండి. ఆయనకి అలవాటైన దారిలోనే చేయించండి. హోర్డింగుల మీద 'మర్నాడే నడక' చూసి మోసపోవద్దు, ఇప్పుడు ఏ పద్ధతిలోనైనా మర్నాడే నడిపిస్తున్నారు.

ఇంట్లో నేల మరుగుదొడ్డి ఉంటే ఆపరేషన్‌కి ముందే కమోడ్ కట్టించండి. మా వైపు కల్యాణ మండపాల్లో ఇంకా నేల దొడ్లే. నాన్న ఏడాదిగా పెళ్లిళ్లకే వెళ్లడం లేదు. అమ్మగారి మంచం కూడా చూడండి, కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే కిందే ఉండాలి. మేం నులక తీసేసి చెక్క వేసి, కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాం.