పేపర్లలో, పిల్లల కథల్లో వైకల్యం ఉన్నవాళ్లని ఎప్పుడూ ఒకేలా ఎందుకు చూపిస్తారు?
రెండు చోట్లా వైకల్యాన్ని గట్టెక్కాల్సిన గండంలాగే రాస్తారు కాబట్టి. 1911లో వచ్చిన ద సీక్రెట్ గార్డెన్ అనే పిల్లల నవలలో వీల్‌చైర్‌లో తిరిగే కోలిన్ చివరికి లేచి నడిచేస్తాడు, అంతకుముందు వచ్చిన హైదీ నవలలో క్లారా కూడా అంతే, కొండగాలికి నడక వచ్చేస్తుంది (నిజంగా నడవలేని పిల్లలు చదివితే ఏమనుకోవాలో మరి), అంటే నయమైతేనే కథ సుఖాంతం అన్నమాట.

మన పేపర్లు నయం చెయ్యవు గానీ హీరోల్ని చేసేస్తాయి. దీప్తి జీవాంజి విషయమే చూడండి, వరంగల్ జిల్లా అమ్మాయి, 2024 మేలో జపాన్‌లోని కోబేలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి వరల్డ్ రికార్డు కొట్టింది, తర్వాత పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం, అయినా నేను చదివినవాటిలో ఊళ్లో వెక్కిరింపుల గురించే ఎక్కువ, ట్రైనింగ్ గురించి రెండు లైన్లు. ఇక వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం ర్యాంపు లేని ఆఫీసు మెట్ల దగ్గర పడిగాపులు పడేవాళ్లైతే జిల్లా పేజీలో ఓ మూలకే.