తెర మీది మదనిక

ప్రశ్న: రామప్ప గుడిలోని మదనికల (స్త్రీ శిల్పాల) స్ఫూర్తితో, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్త్రీమూర్తిని మలిచి త్రీడీ ప్రింట్ తీయించాను. బొమ్మ బిగుసుకుపోయినట్టుంది, పైగా చీలమండల దగ్గర విరిగింది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: కుడి ఎడమలను ఒకేలా మలిచే మిర్రర్ సౌకర్యాన్ని తొలి రూపం వరకే వాడండి, చివరిదాకా ఉంచితే బొమ్మ బిగుసుకుపోతుంది. బరువు ఒక కాలి మీదికి మారగానే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది, వెన్ను వంపు తిరుగుతుంది; 1213 నాటి రామప్ప గుడి ఉన్న పాలంపేటలో శిల్పులు నల్లరాతిలో పలికించిన ప్రాణమంతా, నా దృష్టిలో, ఆ వంపులోనే ఉంది. మదనికల కాళ్లు సహజమైన కొలతలకన్నా పొడవుగా, సన్నగా ఉన్నా, అవి స్తంభానికీ చూరుకూ మధ్య అమరిన శిల్పాలు కాబట్టి వాటికి పైనా కిందా ఆనిక ఉంది. మీ బొమ్మ తన కాళ్ల మీదే నిలబడాలి. ప్రింటర్‌లో ప్లాస్టిక్ పొరలు పొరలుగా పేరుకుంటుంది, ఆ పొరల మధ్య అతుకే బలహీనం. నిలువుగా ప్రింట్ తీస్తే అతుకులు సన్నని చీలమండకు అడ్డంగా పడి, కాస్త వంగినా అక్కడే విరుగుతుంది. అందువల్ల కాళ్లను విడిగా, పడుకోబెట్టి ప్రింట్ చేయించండి. డిజైన్‌లోనే రంధ్రం వదిలి, అందులో ఇనుప చువ్వ దూర్చి పీఠంలోకి దించండి.